మద్దతు ఉపసంహరణ లేని ఊరు

మేం అప్పుడు న్యూజెర్సీలో, రైల్వేస్టేషన్‌ని ఆనుకుని ఉన్న పాత ఇటుక అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. రెండంతస్తుల బ్లాకులు, మధ్యలో గడ్డి, ఓ మూల అందరికీ కలిపి లాండ్రీ గది. అక్కడ సగానికి పైగా తెలుగువాళ్ళే. భర్తలు పొద్దున్నే రైలెక్కి న్యూయార్క్ వెళ్ళేవాళ్ళు. భార్యలకి డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేసే వీల్లేదు, ఇంట్లో రెండో కారూ లేదు. పిల్లల్ని నడిపించుకుంటూ బడికి తీసుకెళ్ళేవాళ్ళు. మిగతావాళ్ళలో ఎక్కువమంది పెన్షన్ మీద బతికే అమెరికన్ వృద్ధులు. మా పై ఇంట్లో ఉండే ఇటాలియన్ పెద్దావిడ వాళ్ళలో ఒకరు. జీవితమంతా స్కూల్ బస్సు నడిపి, ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో కిటికీ దగ్గర కూర్చుని ఉండేది. నా భార్యకి డ్రైవింగ్ నేర్పింది ఆవిడే.

ఓ మార్చి నెలలో లాండ్రీ గది తలుపు మీద టౌన్‌షిప్ వాళ్ళు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్ళు, నోటీసు అంటించారు. స్టేషన్ చుట్టుపక్కల స్థలమంతా తీసుకుని, మా బ్లాకులు కూలగొట్టి, పెద్ద టవర్లు కట్టించే ఆలోచనలో ఉన్నారట. అభ్యంతరాలుంటే మీటింగ్‌కి వచ్చి చెప్పుకోవచ్చట.

మీటింగ్‌కి అందరం వెళ్ళాం. కానీ మావాళ్ళు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారే తప్ప ఒక్కరూ మైకు దగ్గరికి వెళ్ళలేదు. వీసా మీద ఉన్నవాళ్ళు, పేరు చెప్పి గవర్నమెంట్‌కి ఎదురు మాట్లాడితే గ్రీన్‌కార్డ్‌కి ఏమవుతుందోనని భయం. చివరికి నా భార్య వెళ్ళి మాట్లాడింది. మేమిద్దరం అప్పటికే సిటిజన్లం. ఈ పిల్లలు నడిచి వెళ్ళగలిగే బడి ఇంకెక్కడుంది, ఈ ముసలివాళ్ళు ఎక్కడికి పోవాలి అని అడిగింది. టౌన్‌షిప్‌ని నడిపే కమిటీలో సభ్యుడొకాయన ఓపిగ్గా విని, మీలో ఓటున్నవాళ్ళు ఎంతమంది అని అడిగాడు. మా వెనక గోడ దగ్గర ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇంటికొచ్చాక పై ఇంటి పెద్దావిడ ఆయాసపడుతూనే చెప్పింది. "వాళ్ళని బతిమాలకు. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చో. ఎలక్షన్‌లో నిలబడు."

నా భార్య ఆ ఊళ్ళోనే ఫార్మసిస్టు. బీపీ మాత్రలు వాడే ప్రతి ఇల్లూ ఆమెకి తెలుసు. ఏ పార్టీ లేకుండా ఇండిపెండెంట్‌గా నిలబడింది. ఓటు లేని మా తెలుగువాళ్ళు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచారు. తలుపు తీసిన ముసలివాళ్ళు ఫొటో చూసి, "మా మందులమ్మాయి కదూ" అనేవారట. నవంబర్‌లో అతి తక్కువ తేడాతో గెలిచింది.

ఆ ఊరి కమిటీలో ఐదుగురే సభ్యులు. మేయర్‌ని జనం ఎన్నుకోరు, జనవరిలో ఆ ఐదుగురే తమలో ఒకరిని ఎన్నుకుంటారు. ఆ ఏడు ఒక పార్టీకి ఇద్దరు, రెండో పార్టీకి ఇద్దరు. మధ్యలో నా భార్య.

విజయవాడ నుంచీ హైదరాబాద్ నుంచీ ఒకటే ఫోన్లు. అమెరికాలో సంకీర్ణ ప్రభుత్వం ఏర్పాటు చేస్తోందనీ, చక్రం తిప్పుతోందనీ మా బావగారు ఊరంతా చెప్పుకున్నారట. ఇక్కడ ఆమెకి మాత్రం అన్నం సయించేది కాదు. మొదటి పార్టీ నాయకుడు ఫార్మసీ కౌంటర్ దగ్గరికే వచ్చి, ఏం కావాలో అడగమన్నాడు. టవర్ల సంగతి అడిగితే మాత్రం, అది ఆగేది కాదు, ఇంకేదైనా కోరుకోమన్నాడు.

రెండో పార్టీ నాయకుడు రిటైరైన ఫుట్‌బాల్ కోచ్. మెత్తగా మాట్లాడేవాడు. మా ఇంటికి వచ్చి, సోఫాలో కూర్చుని పెసరట్టు తిన్నాడు. తనని మేయర్‌ని చేస్తే మా అపార్ట్‌మెంట్లు కూల్చడానికి తన ఓటు పడదన్నాడు. నా భార్యకి నమ్మకం కుదరలేదు. ఆయన్ని పైకి తీసుకెళ్ళి, ఆ మాటే పెద్దావిడ ముందు చెప్పమంది. ఆయన మోకాళ్ళ మీద వంగి, పెద్దావిడ చెయ్యి పట్టుకుని, "నా ఓటు మీకు వ్యతిరేకంగా ఎప్పుడూ పడదు" అన్నాడు. చిన్నప్పుడు ఆవిడ నడిపిన బస్సులోనే బడికి వెళ్ళాడట. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

జనవరిలో కోచ్ మేయరయ్యాడు. నా భార్యని డిప్యూటీ మేయర్‌ని చేశారు. ఆ రోజు లాండ్రీ గదిలో ఎవరో మిఠాయిలు పంచారు.

ఏప్రిల్‌లో ఆ తీర్మానం ఓటింగ్‌కి వచ్చింది. హాలు నిండిపోయింది. క్లర్కు ఒక్కొక్కరి పేరే పిలిచింది. మొదటి పార్టీ ఇద్దరూ అవునన్నారు. అది తెలిసిందే. తర్వాత కోచ్ పార్టీలోని రెండో మనిషిని పిలిచింది. అతను తలెత్తకుండా అవునన్నాడు. నా భార్య గబుక్కున మేయర్ వైపు తిరిగింది. ఆయన ముందున్న కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆమె కాదంది. చివరికి మేయర్ కూడా గంభీరంగా కాదన్నాడు. ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. తీర్మానం నెగ్గింది.

పార్కింగ్ లాట్‌లో ఆయన్ని ఆపింది.

"నేను కాదనే ఓటేశాను కదా. మాట నిలబెట్టుకున్నాను" అన్నాడు ఆయన.

"మీరు కాదన్నారు. మీ మనిషి చేత అవుననిపించారు."

"అతని ఓటు అతనిది" అని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటి ముందు కారాపాక కూడా ఆమె సీట్‌బెల్టు తియ్యకుండా అలాగే కూర్చుంది. పైన కిటికీలో పెద్దావిడ మా కోసం ఎదురుచూస్తోంది. "ఆవిడకి ఏం చెప్పను?" అంది.

మర్నాడు మా బావగారు ఫోన్ చేసి, మద్దతు ఉపసంహరించుకోమన్నారు. ప్రభుత్వం పడిపోతుంది, దారికొస్తారు అన్నారు. అలాంటిది ఇక్కడ లేదని నేనాయనకి ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఒకసారి ఎన్నుకున్న మేయర్ ఆ ఏడాదంతా ఉంటాడు. ఆమె చేతిలో ఉన్నది ఒక్క ఓటు, అది జనవరిలోనే ఇచ్చేసింది. డిప్యూటీ పదవికి రాజీనామా చేస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, అంతే.

వేసవి నుంచి ఇళ్ళు ఖాళీ అవడం మొదలైంది. మా ఎదురు బ్లాకులో వరంగల్ కుర్రాడొకడు ఉండేవాడు. ఎండలో అందరికన్నా ఎక్కువ తిరిగి ప్రచారం చేసినవాడు. ట్రక్కులోకి సామాను ఎక్కిస్తూ నా భార్యని చూసి ఆగాడు. "నీకైతే కుర్చీ దొరికింది గదా అక్కా. మేమెటు పోవాలె?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. ఆమె అతని పరుపుకి ఓ చివర పట్టుకుని ట్రక్కు దాకా మోసింది. తర్వాత ఇంట్లోకి వచ్చి, బాత్‌రూమ్ తలుపు వేసుకుని, కుళాయి తిప్పి చాలాసేపు ఏడ్చింది.

పెద్దావిడ పెన్సిల్వేనియాలో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా భార్య గడ్డం పట్టుకుని, "నువ్వు నన్ను మోసం చెయ్యలేదు" అంది. అది విన్నాక ఆమె ఇంకా కుంగిపోయింది. శీతాకాలం సగంలో పెద్దావిడ పోయిందని కబురొచ్చింది.

మేమూ వెళ్ళాల్సి వచ్చింది. నేను ఎడిసన్‌లోనో ఐసెలిన్‌లోనో మంచి ఇల్లు చూద్దామన్నాను. ఊరు దాటితే తన సభ్యత్వం పోతుందంది. "పోతే పోనీ. ఇంకా ఏం మిగిలిందని?" అన్నాను.

"నేను కూడా లేకపోతే, తమకి ఎవరూ అడ్డం చెప్పలేదని వాళ్ళు రాసుకుంటారండీ" అంది.

ఆ ఊళ్ళోనే ఓ పోర్చుగీసు కుటుంబం ఇంటి కింద, చెమ్మ వాసన వేసే బేస్‌మెంట్ అద్దెకి తీసుకున్నాం. రెండో జనవరిలో ఆమె మద్దతు ఎవరికీ అవసరం పడలేదు. రెండు పార్టీలూ కలిసిపోయి మేయర్ పదవి ఒకరికి, డిప్యూటీ పదవి ఒకరికి అని పంచుకున్నాయి. ఆమె కుర్చీని బల్ల చివరికి జరిపారు.

మా బ్లాకులు కూల్చిన వారంలోనే టవర్ల ఎత్తు మీద ఓటింగ్ జరిగింది. జనం కోసం వేసిన కుర్చీల్లో నేనూ, బిల్డర్ల లాయర్లూ తప్ప ఎవరూ లేరు. క్లర్కు పేర్లు పిలిచింది. నాలుగు అవునులు వినిపించాయి. నా భార్య మైకు దగ్గరికి లాక్కుని కాదంది. ఎందుకు కాదో చెప్పడం మొదలుపెట్టింది. నడిచి బడికి వెళ్ళిన పిల్లల గురించి, పెద్దావిడ గురించి, ఎవరు ఎక్కడికి వెళ్ళారో తనకి తెలిసినంత వరకూ. మేయర్ ఒకసారి గడియారం చూసుకున్నాడు. ఆమె ఆపలేదు. క్లర్కు తలవంచుకుని ఆ మాటలన్నీ టైపు చేస్తూనే ఉంది.