ట్రస్టీ గారి ట్రైనింగు

సత్యవేదం గారికి ఏ పనైనా సరే, ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పితే తప్ప మొదలుపెట్టకూడదని గట్టి నమ్మకం. కొత్త గొడుగు కొంటే కొట్టువాడి చేత తెరిపించి, మూయించి, తను తెరిచి, మూసి, "ఇంతేనా, ఇంకేమైనా ఉందా?" అని అడిగి మరీ ఇంటికి తెచ్చుకునేవారు. ఒకసారి బందరు బజార్లో అరటిపళ్లవాణ్ణి "ఇది ఎటువైపు నుంచి ఒలవాలయ్యా?" అని అడిగితే, వాడు తనని వెక్కిరిస్తున్నారనుకుని పోట్లాటకు వచ్చాడు.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. జబ్బంతా అక్కడ అంటుకున్నదే. "జెండా ఊపడానిక్కూడా మాకు ట్రైనింగు ఇచ్చారు అల్లుడూ. పచ్చది ఎట్లా ఊపాలి, ఎర్రది ఎట్లా చూపాలి, వానలో అయితే ఎట్లా, పొగమంచులో అయితే ఎట్లా. నేర్పకుండా ఏ పనీ అప్పజెప్పలేదు" అనేవారు. నేను ఆయనకు అల్లుణ్ణి కాను. పక్క వాటాలో అద్దెకుండే స్కూలు మేష్టర్ని. అయినా ఆయన నన్ను అల్లుడూ అనేవారు, నేను మావయ్యగారూ అనేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన నోటి వెంట మంచి కబురు వచ్చినట్టు నాకు గుర్తు లేదు. "బాగున్నారా మావయ్యగారూ?" అంటే "ఇంకా మునగలేదు" అనేవారు. అది ఆయన చాలా హుషారుగా ఉన్న రోజు అన్నమాట.

బందరులో సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద రూతు నిలయం అని ఒక పాత పెంకుటిల్లు ఉండేది. దిక్కులేని ముసలమ్మల కోసం ఒక దొరసానమ్మ దాన్ని పెట్టింది. ఏ కులమైనా, ఏ మతమైనా పట్టెడన్నం, ఒక మంచం. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు ఆవిడ తన దేశం వెళ్లిపోతూ, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో ముగ్గురు పెద్దమనుషుల్ని పిలిచి, "ఇక మీరే ట్రస్టీలు" అని చేతులు పట్టుకుని ఊపింది. ఆ ముగ్గురిలో సత్యవేదం గారు ఒకరు.

ఆవిణ్ణి సాగనంపడానికి స్టేషనుకు వెళ్లి, రైలు కదిలాక ఈయన ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతూ చెయ్యి ఊపారు. ఆవిడా కిటికీలోంచి నవ్వుతూ ఊపింది.

"నేను ఊపింది వెళ్లిరమ్మని కాదు అల్లుడూ, ఆగమని. ట్రస్టీ అంటే ఏం చెయ్యాలో చెప్పి వెళ్లమని. జీవితమంతా జెండా ఊపి బతికాను. ఒక్కసారి వట్టి చేత్తో ఊపితే ఎవరికీ అర్థం కాలేదు."

మిగతా ఇద్దరిలో ఒకాయనకు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. రెండో ఆయన పరలోకానికి వెళ్లిపోయారు. "ఇద్దరిలో సుఖపడ్డదెవరో తేల్చుకోలేకుండా ఉన్నాను" అని సత్యవేదం గారు చాలాకాలం మథనపడ్డారు.

ఇక మొదలైంది ట్రైనింగు వేట. మొదట వకీలు వెంకట్రామయ్య గారి దగ్గరికి వెళ్లారు. నన్ను కూడా లాక్కెళ్లారు.

"ట్రస్టీ చెయ్యాల్సిన పనులేంటో నేర్పండి" అన్నారు.

"చెయ్యకూడనివి చెప్పగలనండీ. చాలా ఉన్నాయి. చెయ్యాల్సినవి మీరే చూసుకోవాలి" అన్నారు వకీలు గారు.

"పోనీ, భయపడి ఏమీ చెయ్యకుండా కూర్చుంటే?"

"అది చెయ్యకూడనివాటిలో మొదటిదండీ."

ఇంటి గుమ్మంలో ఆయన, "చూశావా, కదిలినా తప్పే, కదలకపోయినా తప్పే. రైలు పట్టాల మీద ఆవుకి కూడా ఇంతకంటే దారి ఉంటుంది" అన్నారు.

తర్వాత గుడివాడలో కోటయ్య గారని, ఒక సత్రానికి ధర్మకర్తగా పేరు మోసినాయన దగ్గరికి వెళ్లారు. కోటయ్య గారు ఈయన గోడు అంతా విని, పడక్కుర్చీలోంచి లేవకుండానే, "ముందు ఫోటో తీయించుకోండి. గోడ మీద ధర్మకర్త ఫోటో లేని సంస్థ నిలబడినట్టు నేను చూడలేదు" అన్నారు. సత్యవేదం గారు మారు మాట లేకుండా స్టూడియోకి వెళ్లారు. మనసులో ఉన్న దిగులంతా ఆ ఫోటోలోకి దిగింది. దాన్ని నిలయం వసారాలో మేకుకి తగిలించి, మర్నాడు బియ్యం బస్తాతో వచ్చేసరికి, చూపు సరిగా ఆనని అచ్చమ్మ అనే ముసలమ్మ దానికి మందారపూల దండ వేసి ఏడుస్తోంది. "ఎంత మంచివాడమ్మా, మనకోసం ఊళ్లు పట్టుకు తిరిగి తిరిగి పోయాడు" అని మిగతావాళ్లకు చెబుతోంది.

"మరి మీరు బతికే ఉన్నానని చెప్పలేదా?" అన్నాను.

"నా గురించి అంత మంచిగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు అల్లుడూ. మధ్యలో ఆపడానికి మనసొప్పలేదు" అన్నారు.

నేర్పేవాళ్లు లేకపోతే మానె, ఆదుకునేవాళ్లయినా ఉండాలి కదా. అదీ లేదు. సంఘం పెద్దల్ని అడిగితే, "మీది ట్రస్టు కదండీ, సంఘానిది కాదు" అన్నారు. ఊళ్లో దాతల్ని అడిగితే, "మీది సంఘం వాళ్లది కదా" అన్నారు. సర్కారు ఆఫీసులో అడిగితే, "మీది ప్రైవేటుది" అన్నారు. వానాకాలం వచ్చేసరికి పెంకుల సందుల్లోంచి మంచాల మీదికి నీళ్లు కారేవి. ముసలమ్మలు మంచాలు అటూ ఇటూ లాక్కుంటూ పొడి చోటు వెతుక్కునేవాళ్లు. అన్నం కాస్తా గంజి అయింది. గంజి పలచబడింది. కృపమ్మ గారు, అంటే సత్యవేదం గారి భార్య, తన ఇంట్లో వండిన కూర గిన్నెను రోజూ చీరకొంగు కింద పెట్టుకుని అక్కడికి మోసేది. ఒక వానాకాలంలో ఇద్దరు ముసలమ్మలు వరసగా పోయారు. సత్యవేదం గారు సమాధుల దొడ్డి నుంచి వచ్చి మా అరుగు మీద కూర్చుని, "నేను నేర్చుకునేలోపు వీళ్లంతా అయిపోతారు" అన్నారు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ దిగులులోనే, ఉయ్యూరుకు పారిపోయిన ట్రస్టీని బతిమాలి వెనక్కి తెద్దామని గుడివాడ దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సెక్కారు. బస్సు పెదపారుపూడిలో చెడిపోయింది. దిగి చూస్తే ఎదురుగా ఒక చావిడి మీద గుడ్డ కట్టి ఉంది: "శిక్షణ తరగతులు. అందరూ రావచ్చు." సత్యవేదం గారికి కళ్లనీళ్లు వచ్చాయట. లోపలికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు. కాసేపటికి అది కోళ్ల పెంపకం మీద శిక్షణ అని అర్థమైంది. అయినా లేవలేదు. "నేర్పుతామన్నవాళ్లు అన్నేళ్లకి దొరికారు. ఎట్లా లేస్తాను?" అన్నారు.

అక్కడ చెప్పినవన్నీ తెచ్చి నిలయంలో పెట్టేశారు. గాలి ఆడాలని వెనక గోడకు కిటికీ కొట్టించారు. తాగే నీళ్లు రోజూ మార్పించారు. జబ్బు చేసినవాళ్లకు వేరే గది ఇచ్చారు. చిత్రంగా ముసలమ్మల దగ్గులు తగ్గాయి. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని నలుగురిలో ఎవరైనా అడిగితే మాత్రం, "పెదపారుపూడిలో ఒక కోర్సు" అని మాట దాటేసేవారు.

అప్పుడు వచ్చింది పోలమ్మ.

దివిసీమలో సముద్రపు ఒడ్డున ఒక పల్లెకారుల పేట ఆవిడది. మొగుణ్ణి సముద్రం తీసుకుంది. కొన్నేళ్లకు కొడుకునీ తీసుకుంది. చుట్టాలు ఆసుపత్రికని చెప్పి బందరు తెచ్చి, నిలయం గుమ్మంలో దింపి వెళ్లిపోయారు. ఆవిడ మూల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. కంచం పెడితే ముట్టలేదు.

"కష్టపడి తిన్న ఒళ్లు ఇది. ఊరికే పెట్టే కూడు నాకు దిగదు" అంది. మళ్లీ గోడ వైపు తిరిగింది.

సత్యవేదం గారు బెంబేలెత్తిపోయారు. డాక్టరు గారిని అడిగితే టానిక్కు రాశారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. వెంకట్రామయ్య గారు, "తినమని బలవంతపెట్టే అధికారం ట్రస్టీకి లేదండీ" అన్నారు. ఆవిడ రోజురోజుకీ మంచానికి అంటుకుపోతోంది. కృపమ్మ గారు పక్కన కూర్చుని గంజి చెంచా పెదాలకు ఆనిస్తే, పెదాలు బిగించేది.

"అల్లుడూ, కోళ్ల క్లాసులో ఒక మాట చెప్పారు" అన్నారు ఒక మధ్యాహ్నం, తలుపు దగ్గర నిలబడి, నెమ్మదిగా. "మేత ముట్టని కోడి దగ్గర, అది ఎరిగిన వస్తువేదైనా పెట్టాలిట."

"మావయ్యగారూ, ఆవిడ మనిషి."

"నాకు తెలీదా? మనిషి గురించి చెప్పేవాళ్లు ఉంటే కోడి దగ్గరికి ఎందుకు వెళ్తాను?"

ఇద్దరం గిలకలదిండి వెళ్లి, అక్కడి పల్లెకారుల దగ్గర చిరిగిపోయిన వల ఒకటి తెచ్చాం. ఉప్పువాసన, చేపవాసన. ఆయన దాన్ని పోలమ్మ మంచం పక్కన నేల మీద పరిచి, చెక్క సూదీ దారం తీసుకుని కూర్చుని, చిక్కుముళ్లు వేయడం మొదలుపెట్టారు. ఒక ముడి వేస్తే రెండు జారుతున్నాయి. కాసేపటికి గోడ వైపున్న ముఖం ఇటు తిరిగింది.

"ఏంటి బాబూ ఆ పని?" అంది పోలమ్మ.

"వల బాగుచేస్తున్నాను పెద్దమ్మా."

"చేస్తున్నావా, చంపుతున్నావా?"

"నాకు రాదు. నేర్పేవాళ్లు లేరు. నువ్వు నేర్పుతావా?" అని, ఆవిడ నోరు తెరిచేలోపే, "ఊరికే వద్దు. ఫీజు ఇస్తాను. రెండు పూటలా భోజనం. నేర్పినన్నాళ్లూ" అన్నారు.

పోలమ్మ సూది పట్టుకున్న ఆయన చేతి వంక చూసింది. తర్వాత మోచేతి మీద లేచి, ఆ సూది లాక్కుంది. ఆ పూట కృపమ్మ గారు పెట్టిన గంజి తాగింది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం పాఠం. ఏళ్లు గడిచాయి, సత్యవేదం గారికి ఆ విద్య అబ్బలేదు. వల కళ్లు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "ఈ కంతలోంచి చేప కాదు, పడవే పోద్ది టస్టీ బాబూ" అని పోలమ్మ తిట్టేది. ట్రస్టీ అనే మాట ఆవిడకు నోరు తిరిగేది కాదు. ఆవిడ తిట్లు వినడానికి మిగతా ముసలమ్మలు మంచాలు దగ్గరికి లాక్కునేవాళ్లు. "ఈ రోజు కూడా ముడి జారింది. నా బుర్రలో ఏమీ లేదంది" అని ఆయన ఇంటికొచ్చి దిగులుపడేవారు. నాకు జాలి వేసేది. ఇంత మొద్దు మనిషి రైళ్లు ఎట్లా నడిపించారా అనుకునేవాణ్ణి.

ఒకరోజు కృపమ్మ గారితో ఆ మాటే అన్నాను. "మావయ్యగారికి ఆ పని రాదని తేలిపోయింది కదండీ. ఇంకా ఎందుకు తంటాలు?"

ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు. "ఆయనకి రాకపోవడమేంటి బాబూ. నాగాయలంక దగ్గర కాలవ గట్టు మీద పుట్టారు. రైల్వేలో చేరకముందు వలలు అల్లి అమ్మినాయన. మా నాన్న చనిపోయేదాకా ఆయన అల్లిన వలే వాడాడు. ఒక్క కన్ను కూడా తెగలేదు" అంది.



ఆ మర్నాడు స్కూలు లేదు. మధ్యాహ్నం నిలయానికి వెళ్లాను. సత్యవేదం గారు ఇంకా రాలేదు. పెంకుల మీద సన్నగా వాన పడుతోంది. లోపల ఎప్పటిలాగే గిన్నెలు పెట్టి ఉన్నాయి, చినుకులు పట్టడానికి. పోలమ్మ వల ముందేసుకుని కూర్చుంది. ఊరుకోలేకపోయాను.

"పెద్దమ్మా, మావయ్యగారు అంత బాగా నేర్చుకోలేకపోతున్నారేం?" అని కదిపాను.

ఆవిడ నవ్వింది. ముందు పళ్లు లేవు. "ఆయనకి వచ్చు బాబూ. సూది పట్టుకున్న తీరులోనే తెలిసింది. మొదటి రోజునే."

"తెలిసే నేర్పుతున్నావా?"

"ఏం చెయ్యమంటావు? పాపం, ఊరూరూ తిరిగాడంట. ఎవరూ ఏమీ నేర్పలేదంట. అచ్చమ్మ చెప్పింది. ఇక్కడ కూర్చున్న కాసేపూ ఆ దిగులు మొహం కొంచెం తేలికపడుద్ది. నేను కూడా చచ్చిపోతే ఆయన్ని చూసేదెవరు?"

అంతలో సత్యవేదం గారు గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చారు. పై కప్పు వంక చూసి, గిన్నెల వంక చూసి, "మునిగిపోయాం" అన్నారు. మా ఇద్దరి మధ్య కూర్చుని సూది అందుకున్నారు.

రూతు నిలయం ఆ తర్వాత కూడా ఏనాడూ బాగుపడలేదు. మూతా పడలేదు. దాన్ని ఆదుకున్న మహానుభావుడు ఒక్కడూ రాలేదు. అది అట్లాగే కారుతూ, దగ్గుతూ నడిచింది.

ఆ రోజు నేను లేవబోతుంటే పోలమ్మ నా పంచె అంచు పట్టుకుని ఆపింది. దారపు ఉండ నా ఒళ్లో పడేసి, "నువ్వూ కూర్చో మేష్టరు బాబూ. నీకు నిజంగా రాదుగా" అంది.

సత్యవేదం గారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆయన ఆవిడ వంక చూడలేదు. ఆవిడా ఆయన వంక చూడలేదు. తర్వాత ఆయన తలొంచుకుని, ఎంతో శ్రద్ధగా, ముడి జారవిడిచారు.

"ఛీ, నీకీ జన్మకి రాదు" అంది పోలమ్మ.