చింతపండుతో తోమిన హౌజు

మా అత్తగారింటి వాకిట్లో ఒక హౌజు, అంటే గచ్చు చేసిన నీళ్లతొట్టి, ఉండేది. నడుము లోతు, ఇద్దరు పిల్లలు దిగితే నిండిపోయేంత. మా మామ సుతారి పనివారు, అంటే తాపీమేస్త్రి. సిద్దిపేట చుట్టుపక్కల దొరల గడీలన్నిటికీ గచ్చు చేసి చేసి, చివరికి తన ఇంటికంటూ కట్టుకున్నది అదొక్కటే. గానుగలో ఆడించిన డంగుసున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, పైన గుడ్డు తెల్లసొన పూసి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దారట. ఆ తర్వాత ఆయన మళ్లీ తాపీ పట్టలేదు. రోజూ పొద్దున హౌజు మెట్టు మీద కూర్చుని, ఒక చెయ్యి గచ్చుకు ఆనించి బీడీ కాల్చుకునేవారు.

నేను కోడలిగా వచ్చిన ఏడాది, బతుకమ్మ పండుగకు అత్త కాలు బెణికింది. దాంతో కొమురవెల్లిలోని నా పుట్టింటికి ప్రయాణం ఆగిపోయింది. అత్త చెరువు దాకా నడవలేదు కాబట్టి మా బతుకమ్మను హౌజులోనే వదిలాం. గునుగుపూలకు రంగులద్దింది నేనే. మోజుకొద్దీ గులాబీరంగు రెండింతలు కలిపాను. తీరా పూలు తీయడం మరిచిపోయాను. మూడోనాటికి అవి మెట్టు మీదికి చేరి కుళ్లాయి. ఎత్తి చూస్తే కింద చాటంత గులాబీ మరక!

మామ ప్రాణమంతా ఆ గచ్చు మీదే. ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ బూడిదతో తోమాను, కుంకుడు రసంతో తోమాను. మరక ఇసుమంతైనా కదల్లేదు. అప్పుడు నా బుర్రలో గొప్ప ఆలోచన వెలిగింది. ఇత్తడి బిందెను తళతళలాడించేది చింతపండే కదా! చిక్కగా పిసికి పోశాను. సన్నగా నురగ వచ్చింది. మురికి వదులుతోందని సంబరపడి ఇంకా పోసి, కొబ్బరిపీచుతో చేతులు పడిపోయేలా రుద్దాను. మరక పోయింది. నా అంత తెలివైన కోడలు ఊళ్లో లేదనుకున్నాను.

మర్నాడు మామ మెట్టు మీద కూర్చుని చెయ్యి ఆనించారు. అటూ ఇటూ తడిమారు.

"బిడ్డా, గీడ గరుకైంది. ఎవలు గీకిన్రు?"

"మరక పడ్డది మామా, గులాబీరంగు. పోవాలని చింతపండు పెట్టి తోమిన," అన్నాను.

"మరకనా? ఏం మరక?"

అత్త కుంటుకుంటూ వచ్చి నన్ను లోపలికి లాక్కుపోయింది. "ఓ పిచ్చిదానా! ఏడాది సంది మీ మామకు కండ్లు కనిపిస్తలేవు. ఎవలకు చెప్పొద్దన్నడు. గా హౌజును ఆయన చేత్తోనే సూస్తడు."

కొత్త కోడల్ని, మామ ముఖంలోకి తలెత్తి చూసి ఎరగను. ఆయనకు కనిపించని మరకను పోగొట్టబోయి, ఆయనకు కనిపించే మచ్చ చేశాను. పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మామ తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం పిలిచి, "సున్నానికి పులుపు పడదు బిడ్డా. నా చేతులు వణుకుతున్నయి. నేను చెప్త, నువ్వు చెయ్," అన్నారు. హౌజు నీళ్లు తోడేశాం. సున్నం నేను నూరాను, అత్త గుడ్లు కొట్టింది. ఆ వారమంతా ఇంట్లో పచ్చసొన కూరే. మామ పక్కన కూర్చుని రాయి చప్పుడు వినేవారు. "ఇంకా గరగర అంటుంది, రుద్దు," అనేవారు. సున్నం ఒరుసుకుని నా వేళ్లు పగిలాయి. అయినా ఆ మనిషి పక్కన కూర్చుని పని చేయడం నాకెంతో నచ్చింది.

పది రోజులకు రాయి చప్పుడు ఆగింది. మామ మెట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమారు. వెనక్కి వచ్చారు. మళ్లీ తడిమారు.

"ఏడ చేసినవ్ బిడ్డా?"

ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "గీడనే మామా."

ఆయన చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

"గిది నేను చేసిందే అనుకున్న," అన్నారు.