తెలుగులోనే చెప్పమన్నాను

ఇరవై రెండేళ్లు బడులు తిరిగి, గొడవపడ్డ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడమే నా ఉద్యోగం. శిక్ష లేకుండానే తప్పు సరిదిద్దుకోవచ్చని టీచర్లకు నేర్పేదాన్ని. పోయిన నెల రిటైరయ్యాను. వెంటనే తమిళనాడులోని ధర్మపురికి బయలుదేరాను. అక్కడ ధనలక్ష్మి అనే అమ్మాయి నా వల్లే బడి మానేసిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉదయం ఆరున్నరకి బెంగళూరులో బస్సెక్కాను. కృష్ణగిరిలో పావుగంట ఆపారు. ఇడ్లీ బాగుంది, కాఫీకి మాత్రం ఆశపడకండి. అక్కడ ఎక్కిన, ధర్మపురి దగ్గరి ఇండూరు రైతు ఒకాయన, నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని పలకరించాడు.

"ధర్మపురిలో ఏమి పనిమ్మా?"

"ఒకమ్మాయిని క్షమించమని అడగాలి."

"దానికి బస్సెక్కి పోవల్లా? ఫోన్లో చెప్తే సరిపోదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పదికి దిగాను. ధనలక్ష్మి వాళ్ల మళిగ అంగడి, అంటే కిరాణా కొట్టు, బస్టాండు నుంచి నడిచే దూరమే. దారంతా, ఏళ్ల కిందట ధనలక్ష్మి చదివిన ఆ ఎనిమిదో తరగతి గదే గుర్తొచ్చింది. ఆమె స్నేహితురాలు సెల్వి రికార్డు పుస్తకం చినిగింది. ధనలక్ష్మే చించిందని సెల్వి, సెల్వే చించుకుని తన మీద పెడుతోందని ధనలక్ష్మి. డస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి, అదీ నియమం. నాకు తమిళం అంతంతమాత్రం. ఈ పిల్ల ఇంటి భాష తెలుగని తెలియగానే ప్రాణం లేచొచ్చింది. "తెలుగులోనే చెప్పమ్మా" అన్నాను. ఏడుస్తూ చెప్పింది. ఆ గదిలో అర్థమైంది నాకొక్కదానికే. సెల్వి చేత సారీ చెప్పించి, సంతోషంగా రిపోర్టు రాసుకున్నాను.

ధనలక్ష్మి అంగట్లోనే ఉంది. స్టూలు వేసి టీ తెప్పించింది. "నీ చదువు పాడుచేశాను. ఏం చేస్తే సరవుతుంది?" అన్నాను. ఇన్నేళ్లూ పిల్లల్ని అడిగిన ప్రశ్నే.

"మీరు పోయినాక క్లాసులో ఎవురూ నాతో మాట్లాడలేదు మిస్. వాళ్లది తప్పు లేదు. పుస్తకం చించింది నేనే. తెలుగులో ఏమి చెప్పినా కాదనేవాళ్లు లేరని చెప్పేసినాను, మీరు నమ్మినారు. క్షమించమని అడగాలంటే సెల్విని అడగండి. ఏరియూరులో ఇచ్చినారు."

"నువ్వూ రా."

"నాకు ధైర్యం లేదు మిస్" అని పప్పు తూయడానికి లేచింది.

పన్నెండుకి మళ్లీ బస్టాండు. ఏరియూరు వెళ్లాలంటే పెన్నాగరం బస్సెక్కాలి. అది కదలడానికి సిద్ధంగా ఉంది. ఏ భాషలో చెప్పను, ఏమని చెప్పను? ఎదురుగా కూర్చుని చెప్పుకోండని ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. ఆ బస్సు వెళ్లిపోయేదాకా నిలబడి, బెంగళూరు బస్సెక్కాను. నా మీద నాకే సిగ్గేసింది.

కృష్ణగిరి దాటేదాకా సెల్వి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఆ రోజు డస్టరు ఆమె చేతికి ఇచ్చానో లేదో కూడా గుర్తు రాలేదు.