అన్నయ్యగారిచ్చిన బ్యాటరీ

ఆ మధ్య నా ఫోను వెనకభాగం అప్పడంలా ఉబ్బిపోతే అమలాపురం తీసుకెళ్లాను. బ్యాటరీ లోపల అతికించేసి ఉంటుందనీ, వేడిచేసి విప్పాలనీ, రెండు రోజులు వదిలి వెళ్లమనీ దుకాణంవాడు చెప్పాడు. పక్కనున్న మా కోడలు, ఐరోపా దేశాల్లో ఎవరి ఫోను బ్యాటరీ వాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం వస్తోందట అంది. మన ఈడువాళ్లకి అదేం వింత? గోటితో మూత లేపితే బ్యాటరీ చేతిలో పడే ఫోన్లే కదా మనం వాడినవి! నా మనసు మాత్రం ఒకప్పుడు గల్ఫులో నేను పనిచేసిన ఇంటికి వెళ్లిపోయింది.

రెండేళ్ల ఒప్పందం మీద ఇంటిపనికి వెళ్లాను. గడువు తీరింది, మా ఊరు రాజోలు పంపించెయ్యమని అడిగిన రోజునే ఆ ఇంటి మేడమ్ నా ఫోనులోంచి బ్యాటరీ ఊడదీసి తన చేతిసంచిలో వేసుకుని, ఖాళీ ఫోను నాకు తిరిగిచ్చింది. పాస్‌పోర్టు అంతకుముందే ఆవిడ బీరువాలో ఉంది. వీధి తలుపు తాళం కూడా ఆవిడ దగ్గరే. ఇక్కడ మా ఆయన ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అనే వచ్చేది. గిన్నెలు తోముతూ, బట్టలు ఉతుకుతూ, నేనిక్కడే ముసలిదాన్నయిపోతానేమో అనుకునేదాన్ని.

ఆ ఇంటి కారు నడిపేది మన రాజోలు దగ్గర నగరం అనే ఊరాయన. పొద్దున్నే పిల్లల సంచులు కారులో పెట్టేటప్పుడు తప్ప ఆయనతో మాట్లాడే వీలుండేది కాదు. అదీ మెట్ల మీంచి మేడమ్ చూస్తుండగానే. ఒకరోజు తల వంచుకునే విషయం చెప్పేశాను.

“మీ ఆయన నంబరు చెప్పమ్మా, నేను చేస్తాను.”

“గుర్తులేదండీ అన్నయ్యగారూ. ఫోనులోనే ఉందండీ.”

“ఆయ్... చూద్దాంలే, కంగారుపడకు.”

ఆ మధ్యాహ్నం కారులోంచి తిరిగొచ్చిన పిల్లల టిఫిను డబ్బాలో, కాగితంలో చుట్టి ఒక బ్యాటరీ ఉంది. మా ఇద్దరివీ ఒకే రకం ఫోన్లు. ఇస్త్రీ గదిలో తలుపు చేరవేసి, అది ఫోనులో పెట్టి మా ఆయనకి చేశాను.

“ఏవైపోయేవే? బతికే ఉన్నావా?” అన్నారాయన. ఏడుస్తూనే సంగతంతా చెప్పేశాను.

ఛార్జరు పెడితే మేడమ్ కంటపడుతుంది కాబట్టి, ఛార్జింగు అయిపోతుందన్న భయంతో రోజుకి రెండు నిమిషాలే మాట్లాడి, బ్యాటరీని పప్పు డబ్బా అడుగున దాచేదాన్ని. మా ఆయన ఏజెంటు చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. మూడు వారాలకి ఎంబసీ నుంచి ఫోను వస్తే, మేడమ్ పాస్‌పోర్టు నా ముందు విసిరికొట్టింది. విమానాశ్రయానికి తీసుకెళ్లింది అన్నయ్యగారే. పక్క సీట్లో మేడమ్ తమ్ముడు ఉండటంతో బ్యాటరీ సీటు సంచిలో పెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా దిగిపోయాను.

వచ్చాక నగరం వెళ్లి అన్నయ్యగారి ఆవిడకి ఇదంతా చెప్పాను.

“ఫోను నీళ్లల్లో పడి పాడైపోయిందని ఉత్తరం రాసేరండి. ఆ మూడు వారాలూ ఆయన గొంతే వినలేదండి నేను. ఆ బ్యాటరీ మీ దగ్గరుందన్నమాట.”

ఆయన దగ్గర ఇంకో బ్యాటరీ ఉందనే అనుకున్నాను అన్నాళ్లూ. ఒక్కటే ఉన్నదని ఆవిడ చెప్తే తెలిసింది.

ఇప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ల ఫోన్లన్నీ నున్నగా, మూత లేకుండా ఉన్నాయి. వాటిలోంచి ఎవరూ ఏదీ లాక్కోలేరు, నిజమే. తన ఫోను మూగబోయినా సరేనని బ్యాటరీ తీసి ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. ఆ చట్టం మన దాకా వస్తే మూతలున్న ఫోన్లు మళ్లీ వస్తాయేమో. నేను మాత్రం అన్నయ్యగారి లాంటి మనిషిని మళ్లీ చూడలేదు.