దవఖాన రంగు గోడ

మా ఇంటి ముందు గోడకు నేను చేయించిన సింగారం సంగతి చెబుతాను. దానివల్ల గోడ బాగుపడలేదు, నా పరువు మిగల్లేదు, ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఇది చదివి జాగ్రత్తపడితే, నేను పడ్డ అవస్థకు కాస్త ఫలితం దక్కినట్టే.

అప్పటికి మా బాపు పోయి ఏడాది కావస్తోంది. కరీంనగర్‌లో ఒక దవఖానలో చాలా రోజులు ఉండి, ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు నా చేతికిచ్చి కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత హుజూరాబాద్‌లోని మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మను మేం అవ్వ అంటాం. సాయంత్రం కాగానే అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లందరినీ పలకరించే అవ్వ, అరుగు వైపు రావడమే మానేసింది.

పైగా వానాకాలం. జల్లంతా రోడ్డు వైపు గోడకే కొట్టేది. పెచ్చులు ఉబ్బి, ఒక్కొక్కటే ఊడి పడేవి. బాపు ఏడాది మాసికానికి చుట్టాలందరూ వస్తారు. తండ్రి పోగానే కొడుకు ఇల్లు పాడుబెట్టాడని అంటారని నా దిగులు.

"సిమెంటు పూసి సున్నమేపిస్తే సాలదా బిడ్డా?" అంది అవ్వ.

నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. సున్నంతో సరిపెట్టుకుంటే నా చదువేం కావాలి?

"సున్నం మల్లా వానకు పోతదవ్వా. ఇప్పుడందరు గోడలకు షీట్లు కొట్టిస్తున్నరు" అన్నాను.

అలా మా ఇంటికి కాంట్రాక్టర్ రాజేశం వచ్చాడు. మోటార్‌సైకిల్ దిగకుండానే గోడను చూసి, చావుబతుకుల్లో ఉన్నవాణ్ని చూసినట్టు తల అడ్డంగా ఊపాడు.

"గీ గోడ పని అయిపోయింది సార్. రాతి టైల్స్ బరువైతయ్, ఊడి నెత్తి మీద పడుతయ్. ప్లాస్టిక్ పలకలు ఎండకు వంకర పోతయ్. అల్యూమినియం షీట్ కొడదాం. వాన పడితే జారిపోవుడే."

"దుకాణం లెక్క కనవడదా అన్నా?" అంది నా భార్య పద్మ, తలుపు దగ్గర నిలబడి.

"ఫికర్ చెయ్యకు చెల్లే. ఇల్లును ఇల్లు లెక్కనే చేస్త."

అంతకుముందు ఒక్క ఇల్లయినా చేశావా అని అడగాలి కదా. మీరైతే అడిగేవారు. నేను అడగలేదు. తన ఫోన్‌లో రాజేశం చూపించిన ఫొటోలన్నీ మందుల షాపులు, రక్త పరీక్షల సెంటర్లు, పళ్ల డాక్టర్ల క్లినిక్‌లు. పని భలే నున్నగా ఉందే అని మురిసిపోయాను తప్ప, వాటిలో ఒక్కదాంట్లోనూ ఎవరూ కాపురం ఉండడం లేదన్న సంగతి నాకు తట్టలేదు.

రంగుల ముక్కలు తెచ్చి నేల మీద పరిచాడు. నా చెయ్యి నేరుగా రెండింటి మీదికి పోయింది. ఒకటి తెలుపు, ఒకటి లేత ఆకుపచ్చ. ఎందుకో అవి ఎప్పటినుంచో తెలిసినవాటిలా అనిపించాయి.

"మస్తు పసంద్ చేసినవ్ సార్. గివే బాగ నడుస్తున్నయ్" అన్నాడు. ఎక్కడ నడుస్తున్నాయో చెప్పలేదు.

చివరి రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గోడ తళతళలాడుతోంది. నడుమ అతుకు కనబడకుండా రాజేశం ఎర్ర పట్టీలు వేశాడు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. ఆ పైన వెడల్పాటి ఖాళీ పలక ఉంది.

"గదెందుకు?" అన్నాను.

"బోర్డుకు సార్. అలవాటుల పెట్టిన. ఉండనీ, ఏం గాదు."

నేను సంబరంగా అవ్వను పిలుచుకొచ్చాను. ఆమె రోడ్డు మీద నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గిది మీ బాపు పోయిన దవఖాన గోడ బిడ్డా" అంది.

ఆ దవఖాన వరండాలో ఇనుప బెంచీ మీద కూర్చుని, డాక్టరు ఏం చెబుతాడో అని ఎదురుగోడనే చూస్తూ గడిపిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆ గోడ తెలుపు, లేత ఆకుపచ్చ. దాన్ని నేనే ఏరి, కూలీ ఇచ్చి మరీ ఇంటికి తెచ్చుకున్నాను. అవ్వ ముందు గుమ్మం తొక్కకుండా సందులోంచి తిరిగి వెనక తలుపున లోపలికి పోయింది. ఆ రోజు నుంచీ అదే ఆమె దారి.

రాజేశానికి ఫోన్ చేశాను. "మా అవ్వ పరేషానైతుంది. తీసెయ్యి రాజేశం."

"ముసురు వట్టింది గద సార్. ఇప్పుడు తీస్తే గోడ గూడ దాంతోనే వస్తది. వానలు వెలిసినంక తీద్దాం. గప్పటి దాంక అమ్మకు అలవాటైతది" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇక రోగులు రావడం మొదలైంది. మొదట వచ్చినామె దగ్గుకుంటూ గేటు తీసి, బనీను మీద పేపర్ చదువుకుంటున్న నన్ను అడిగింది.

"టోకెన్ ఏడ ఇస్తరు?"

"ఇది ఇల్లమ్మా."

"ప్లస్సు ఉన్నది గదా?"

"అది ప్లస్సు కాదు, అతుకు."

ఆమె నా మొహం చూసి, "అయితే పైసలున్న పెద్దోళ్లనే చూస్తరా?" అని నొచ్చుకుని వెళ్లిపోయింది. ఇంకొకాయన నేను నోరు విప్పేలోగా తన నోరు తెరిచి పన్ను చూపించాడు. మేకను తోలుకొచ్చిన మనిషిని మాత్రం నేనింకా క్షమించలేదు. 'ఇది దవఖాన కాదు' అని రాసి గేటుకు కట్టాను. చదువు రానివాళ్లు వైద్యానికి వచ్చారు. చదువు వచ్చినవాళ్లు, మరి దవఖాన ఎక్కడో చెప్పమని వచ్చారు.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అరుగు మీద అవ్వ కనిపించింది. ఆమె పక్కన ఒక ముసలాయన గోడకు చేరగిలబడి ఎగశ్వాస తీస్తున్నాడు. దవఖాన అనుకుని మా గేటు దాకా నడిచొచ్చి అక్కడే కూలబడ్డాడట. పద్మ గిన్నెలో నీళ్లు పట్టుకుని నిలబడింది.

"చూసుకుంట నిలవడ్డవేంది? ఆటో దొరికిచ్చుకరాపో" అంది అవ్వ. "అచ్చం మీ బాపు లెక్కనే ఊపిరి గుంజుతుండు."

సర్కారు దవఖానకు తీసుకుపోయాను. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, సమయానికి తెచ్చారన్నారు. నేను తిరిగి వచ్చేదాకా అవ్వ అరుగు దిగలేదు.

"ఉన్నడా?" అంది.

"ఉన్నడవ్వా. ఊపిరి కుదురుకున్నది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాపు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే అరుగు మీదికి వచ్చేసేది. దారితప్పి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచి నొప్పో విచారించి, ఏ దవఖానకు పోవాలో చెప్పి పంపేది. కొందరు అంతా చెప్పుకుని, నొప్పి తగ్గిందని ఇంటికే పోయేవారు.

బాపు మాసికం రోజు ఖానాపూర్ నుంచి వచ్చిన మా మేనమామ గేటు బయటే చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, "ఎవలకు పానం బాగలేదు అల్లుడా?" అన్నాడు. భోజనాల వరసలో మాకేమీ కాని మనుషులు ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. వాళ్ల విస్తళ్లలో అవ్వే మారు వడ్డించింది.

వానలు వెలిశాక రాజేశం నిచ్చెన తెచ్చాడు. అవ్వ వద్దంది. "ఉండనీ తియ్. గిప్పుడు తీస్తే వచ్చేటోళ్లు యాడికి పోతరు?"

షీట్ల వెనక గోడ ఇప్పటికీ చెమ్మగానే ఉంది. రాజేశం మాత్రం మా ఇంటి ఫొటోను కూడా తన ఫోన్‌లో చేర్చుకుని, కొత్త డాక్టర్లకు చూపిస్తున్నాడని విన్నాను.

రాజేశం నిచ్చెన వెనక్కి తీసుకుపోయిన రోజే నేను మెట్ల మీద నిలబడి, చేతులు జోడించి, గంభీరంగా ప్రకటించాను. ఈ జన్మలో ఇక ఏ గోడకూ నా చేత్తో రంగు ఎంచను. ఎంచక తప్పకపోతే అవ్వను ముందు నిలబెట్టి, ఆమె తల ఊపాకే నోరు విప్పుతాను. దీనికి బాపు మీద ఒట్టు.

అవ్వ అంతా ఓపిగ్గా విన్నది.

"మంచిదే బిడ్డా" అంది. "గని జర పక్కకు జరుగు. నీ ఎనుక పేషెంట్లు నిలవడ్డరు."