బ్లాంకు పెట్టని పరీక్ష

గల్ఫ్‌లో ఉన్నప్పుడు, ఫర్వానియాలో మా పక్క ఫ్లాటుకు ప్రతి శుక్రవారం ఒకామె వచ్చేది. అక్కడుండేది వాళ్ల వదిన. ఈమెది రాయచోటి దగ్గర పల్లె, మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పని. ఆ ఇంటి యజమానురాలిని మామా అనేది. నెలనెలా రక్తం ఎక్కువ పోయి, మా రెండంతస్తులు ఎక్కేసరికే ఆయాసపడేది.

"దినమంతా మామా బట్టలు ఐరన్ చేస్తానే ఉండా. నాకే ఐరన్ తక్కువంట, చూడక్కా" అని నవ్వేది. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని ఆమె గోల. వాటి బదులు వాళ్లమ్మ పంపిన మునగాకు పొడి చాలదా అని నన్నడిగింది. నేను ఆహార పరీక్షల ల్యాబులో కెమిస్టుని మరి. నాకు ఒళ్లు మండింది. "మాత్రలు మాత్రలే, పొడి పొడే" అని కసిరాను. పై శుక్రవారం మళ్లీ అడిగింది. ఆ పై శుక్రవారం కూడా. పోరు పడలేక చెంచాడు పొడి పొట్లం కట్టుకుని ల్యాబుకు పట్టుకెళ్లాను.

పొడిని కాల్చి, బూడిదను యాసిడ్‌లో కరిగించి, మందు చుక్కలు వేస్తే ఇనుమున్న మేరకు నారింజ రంగు తేలుతుంది. పక్కనే బ్లాంకు పెట్టాలి. అంటే పొడి తప్ప మిగతావన్నీ వేసిన గొట్టం. దానికి రంగు రాకపోతేనే దీని రంగును నమ్మాలి. సొంత పనే కదా, ఎవరడుగుతారని నేను బ్లాంకు పెట్టలేదు. నా తెలివి మండ. గొట్టం చిక్కటి నారింజ రంగుకు తిరిగింది.

"దండిగా ఉంది" అని ఆమెకు ఫోటో చూపించాను. మాత్రలు మానెయ్యమని అనలేదు. మానొద్దని కూడా అనలేదు.

రెండు నెలలకు ల్యాబులో ఏ శాంపిల్ పెట్టినా అదే నారింజ రంగు, బ్లాంకుతో సహా. యాసిడ్ సీసాలోనే ఇనుము కలిసిపోయింది. నేను వాడిందీ ఆ సీసానే; నా తర్వాత దాన్ని ఆ వారమే మళ్లీ తీశారు. పొడిని కొత్త యాసిడ్‌తో మళ్లీ చూస్తే రంగు ఉందా లేదా అన్నట్టు తేలింది. ఆ సాయంత్రమే వెళ్లి వదిన తలుపు కొట్టాను. ఆమె మాత్రలు మానేసి పొడే తింటోందనీ, పని చేస్తూ కుప్పకూలిందనీ, ఆసుపత్రిలో చేర్చారనీ, రక్తం తగ్గి గుండె బాగా బలహీనపడిందనీ వదిన చెప్పింది.

మంచం పక్కన నిలబడి, "ఆ రంగు పొడిది కాదు, నా యాసిడ్‌ది" అని చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మాయమ్మకు చెప్పద్దక్కా. ఆ పొడితోనే నాకు బాగైతాదని ఆశ పెట్టుకోనుండాది" అంది.

నాలుగో రోజు పోయింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సంతకాలయ్యాక శవాన్ని ఊరికి పంపారు. నేను విమానాశ్రయం దాకా కూడా వెళ్లలేకపోయాను.

తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసింది. "రొండు కేజీలే పంపితినమ్మా. ఇంకా దండిగా పంపింటే బతికుండునా?" అని అడిగింది.

"మీరు పంపింది సరిపోయిందమ్మా" అన్నాను.

"మరెందుకు పోయిందమ్మా?" అంది.