అవ్వ అడగని తన్ను

ఆళ్లగడ్డలో నాకున్న గౌరవమంతా నా కాళ్లదే. నేను పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్లు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా వీధి నమ్మకం. ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి మెట్ల దగ్గర పెద్దవాళ్లు కొందరు నాకు వీపు చూపించి నిలబడేవారు. నేను తన్నేదాన్ని. పెద్దలను తన్ని, పైగా వాళ్ల చేత వేరుశనగ ఉండలు పెట్టించుకున్న పిల్ల ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నన్ను పెంచింది అవ్వ, మా అమ్మను కన్న తల్లి. నాకు ఊహ తెలిసేటప్పటికే అవ్వ నడుము వంగిపోయి ఉంది. ఆముదం రాసుకునేది, వేడినీళ్ల కాపడం పెట్టుకునేది, గోడకు ఆనుకుని మూలిగేది. ఒక్కసారి కూడా నన్ను తన్నమని అడగలేదు. ఎందుకు అడగలేదో నేనూ అడగలేదు. అవ్వ ఇంట్లోనే నా కాళ్లు బయటికొచ్చి, తల ఇరుక్కుని, ఎట్లాగో నేను బతికాను. అమ్మకు నెత్తురు ఆగలేదు. నంద్యాలకు తీసుకుపోతుంటే దారిలో, శిరివెళ్ల దాటాక, జీపులోనే పోయింది. పక్కన కూర్చున్నది అవ్వ. నాయన మళ్లీ పెళ్లి చేసుకుని కొలిమిగుండ్లలో ఉండిపోయాడు.

తొలి కాన్పుకు నేను ఆ ఇంటికే వచ్చాను. నంద్యాలలో స్కాన్ తీసిన డాక్టరమ్మ తెర వైపు చూస్తూ, “బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది” అంది.

“మా ఇంట్లో అది కులవృత్తి మేడం” అన్నాను.

ఆమె నవ్వలేదు. ఇంకా సమయం ఉంది, తిరగొచ్చు, తిరక్కపోతే ఆపరేషన్ అంది. బయటి నుంచి చేత్తో తిప్పే పద్ధతి ఒకటి ఉందట గానీ నాకు ఉమ్మనీరు తక్కువ కాబట్టి వద్దంది. కడుపు ఎవరి చేతా తోమించుకోవద్దు, నొప్పులొచ్చినా నీళ్లు పోయినా ఒక్క క్షణం ఇంట్లో ఉండొద్దు అని రెండుసార్లు చెప్పింది. మోకాళ్ల మీద వంగి, తల దిండుకు ఆనించి, నడుము పైకెత్తి రోజూ కాసేపు ఉండి చూడమంది. తిరుగుతుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది.

బయట బెంచీ మీద కూర్చున్న అవ్వకు విషయం చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు, కాళ్లు చూసింది.

ఇంట్లో నా వంగుడు చూసి పక్కింటామె కిటికీలోంచి మురిసిపోయింది. “నీ మనవరాలు ఎంత బాగా ప్రార్థన చేస్తాందక్కా! మా కోడలు మోకాలు వంచమంటే వంచదు.”

“దేవునితో కాదులే మే,” అంది అవ్వ. “లోపలుండే దానితో బేరమాడతాంది.”

ఎదురింటి తాతకు ఆ నెలలోనే నడుము పట్టింది. “ఒక్క తన్ను తన్ను పాపా. ఇప్పుడు నీలో నాలుగు కాళ్లుండాయి, బేగా పోతాది” అన్నాడు. తన్నాను. పోలేదు. నాలుగూ ఒకదానితో ఒకటి గొడవపడి ఉంటాయని సర్దిచెప్పాను.

నేను వంగేది నేను పుట్టిన గదిలోనే. ఇప్పుడు అందులో వేరుశనగ మూటలు, గ్యాస్ బండ ఉన్నాయి. అలసిపోయి పక్కకు ఒరిగితే దూలానికి ఉన్న కొక్కెం కనబడేది. నొప్పులు పడే మనిషి పట్టుకోవడానికి ఒకప్పుడు దానికి తాడు కట్టారు. ఇంట్లో మేకు కనబడితే చాలు సంచీ తగిలించే అవ్వ, ఆ కొక్కేనికి మాత్రం ఏదీ తగిలించదు. అది ఖాళీగా ఉంటుంది. ఫ్యాను గాలికి అక్కడ ఊగడానికి ఏమీ లేదు. అయినా నేను చూపు తిప్పుకునేదాన్ని.

తొమ్మిదో నెల పడగానే అవ్వ నన్ను అమ్మ పేరుతో పిలవడం మొదలుపెట్టింది. కాఫీ చల్లారతాంది రా అని, యాడ పోయినావ్ అని. మొదట్లో సరిచేశాను. తర్వాత పలకడం మొదలుపెట్టాను. పాపం, ఆ పేరుకు పలికేవాళ్లు ఇంకెవరూ లేరు కదా.

బిడ్డ తిరగలేదు. ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశారు. మా ఆయన కారు మాట్లాడుకుని వచ్చాడు. ముందు సీట్లో కూర్చుని, నా నెత్తురు గ్రూపు ఏదో డ్రైవరుకు కూడా చెప్పాడు.

శిరివెళ్ల దాటాక అవ్వ ఎప్పుడూ కొంగు ముఖం మీదికి లాక్కుంటుంది. దుమ్మంట. ఆ రోజు కారు అద్దాలన్నీ మూసి ఉన్నాయి. కొంగు లాక్కోలేదు. నా చెయ్యి పట్టుకుని, అమ్మ పేరు పెట్టి పిలిచి, “నిద్ర పోవద్దు మే. కండ్లు తెరువు. వచ్చేసినాం, ఇంగ కొంచెమే” అంది.

నా కళ్లు తెరిచే ఉన్నాయి. పొద్దున పది గంటల ఎండ. ఒక జోకు నోటిదాకా వచ్చి ఆగింది.

“నిద్ర పోలేదులేమ్మా” అన్నాను. ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదలు.

“మాట్లాడతానే ఉండు.”

మాట్లాడుతూనే ఉన్నాను. నంద్యాల వచ్చేదాకా ప్రతి స్పీడు బ్రేకరునూ తిట్టాను, కనబడిన ప్రతి హోటలు బోర్డూ పైకి చదివాను. ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరిగి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. అవ్వ పట్టు మాత్రం సడలలేదు. ఆస్పత్రి గేటు దగ్గర దిగాక చూస్తే నా మణికట్టు మీద ఆమె వేళ్లన్నీ అచ్చు పడి ఉన్నాయి.

ఆడపిల్ల. కడుపు కోసినా కాళ్లే ముందు వచ్చాయని నర్సు చెప్పింది. మా ఆయన ఆ మాట ఫోనులో ఆళ్లగడ్డకు చేరవేసేసరికి, ఎదురింటి తాతకు పెద్ద అనుమానం వచ్చింది. “కోసి తీస్తే లెక్కకొస్తాదా రాదా, డాక్టరమ్మను అడుగప్పా.” మా ఆయన నిజంగానే అడగబోయాడు. నేనే ఆపాను.

మరుసటి రోజు పొద్దున అవ్వ బిడ్డను ఊయలలో పడుకోబెట్టి వచ్చి, నా మంచం చివర అటు తిరిగి కూర్చుంది. నా పేరు పెట్టి పిలిచింది. నా పేరే.

“నడుము పట్టేసింది మే. ఒకసారి తన్ను.”

“కడుపు కోసినారవ్వా. కాలు లేవదు.”

“లేవకుంటే ఆనించు.”

ఆనించడానికి కూడా వీలు కాలేదు. ఆమే మంచం మీద చేతులు ఊతం పెట్టి, కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. వంగిన వెన్నుపూస ఒక్కొక్కటీ నా అరికాలికి తగిలింది.

“ఇంగ రోంత పైకి” అంది.